నాగరత్న చెట్టుకు నేను చెప్పిన నీళ్లు

ఎన్నో ఏళ్లు ఒక అబద్ధాన్ని గుండెల మీద బండలా మోశాను. మీతో చెప్పుకోవాలి. పేరు మాత్రం అడగకండి. ఒక గులాబీ చెట్టును చంపాను. చేత్తో ముట్టుకోకుండానే, ఒక్క మాటతో చంపాను. చెట్టు పోతే ఏముందిలే అంటారేమో. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను.

మాది గార్లదిన్నె దగ్గర ఒక పల్లె. ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు నడిపేది నేనే. బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి క్యాన్లు పట్టుకొని అందరూ నా దగ్గరికే వస్తారు. నీళ్ల గురించి నేనేం చెబితే అది నమ్ముతారు. మా పక్కింటి నాగరత్న కూడా నమ్మింది.

ఆమె పెరటి గోడ పక్కన పన్నీరు గులాబీ పొద ఉండేది. పెళ్లైన కొత్తలో కుందుర్పిలోని పుట్టింటి నుంచి తడి గోనెగుడ్డలో చుట్టి తెచ్చుకున్న కొమ్మ అది. తర్వాత వాళ్లమ్మ పోయింది. ఆ తల్లి గుర్తుగా ఆమెకు మిగిలింది ఆ పొదే. పూలు పెద్దవేం కావు, రేకలు ఒక్కరోజుకే రాలిపోతాయి. వాసన మాత్రం పొద్దున్నే గోడ దాటి వచ్చేది. తాళంచెవి చేతిలో పట్టుకొని ప్లాంటు తెరవడం మరచి నిలబడిపోయేదాన్ని. బియ్యం కడిగిన నీళ్లు, చివికిన పేడ ఎరువు, పూత అయ్యాక కత్తిరింపు, అన్నీ ఆమె దగ్గరుండి చూసుకునేది. నేను అడగకుండానే రెండు పూలు గోడ మీద పెట్టేది. కత్తిరించిన కొమ్మలూ ఇచ్చింది. నాటాను. చచ్చాయి. మళ్లీ నాటాను. అవీ చచ్చాయి.

ఒకరోజు క్యాన్ల వరుసలో నిలబడి, అందరి ముందూ ఆటపట్టించింది. నా చెయ్యి తగిలితే జిల్లేడు కూడా బతకదట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల ఒళ్లు మండిపోయింది. అంత చిన్న మాటకా? అవును, అంత చిన్న మాటకే.

ఆ వేసవిలో ఆమె బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్లు వంటకే చాలవు. మా ప్లాంటులో మంచినీళ్లు వడకట్టి తీశాక మిగిలినవి గొట్టంలోంచి కాలవలోకి పోతుంటాయి. బోరు నీళ్లలోని ఉప్పంతా చేరేది వాటిలోనే. ఆ కాలవ గట్టు తెల్లగా పొక్కి, గడ్డి కూడా మొలవదు. ఆ గొట్టం చూపించి నాగరత్న అడిగింది.

"అక్కా, ఊరికే పోతాండాయి గదా ఈ నీళ్లు, చెట్టుకు పోయొచ్చునా? మాడిపోతాండాది, చూడలేకుండా ఉండాను."

"పోసుకో. నీళ్లు నీళ్లే గదా."

"ఏం గాదు గదా?"

"ఏం గాదులే. నేను చెప్తాండా గదా."

రోజూ బిందెలతో మోసింది. ఆమెకు అందేలా గొట్టం తిప్పిపెట్టింది కూడా నేనే. ఆకుల అంచులు మాడి, మొగ్గలు విచ్చకుండానే నల్లబడుతుంటే, ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక నన్ను నేను మంచిదాన్ని చేసుకోవడానికి ఇప్పుడు అలా గుర్తుచేసుకుంటున్నానా? తెలియదు. నోరు మాత్రం విప్పలేదు. చెట్టు చచ్చింది.

నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె తన చేతుల్నే తిట్టుకుంది. అమ్మ చెట్టును కాపాడుకోలేని చెయ్యి ఇంకెందుకు అంది. ఆ తర్వాత ఆమె ఏదీ నాటలేదు. పెరట్లో చిక్కుడు గింజ వేయాలన్నా తోటికోడల్ని పిలిచేది. ఎప్పుడో ఆడబిడ్డకు ఇచ్చిన కొమ్మ పుట్టపర్తిలో చక్కగా పూస్తోందని తెలిసి, అక్కడి నుంచి తెచ్చుకోమని ఇంట్లోవాళ్లు అంటే, తన చెయ్యి చెడిపోయిందని తల తిప్పుకుంది. చెట్టుకంటే పెద్దదాన్నే పాడుచేశానని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా చెప్పలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గు.

పోయిన ఏడాది వానల్లో నేనే పుట్టపర్తి వెళ్లి ఆ ఆడబిడ్డను అడిగి కొమ్మ తెచ్చాను. కొనకు పేడముద్ద పెట్టి కుండీలో నాటాను. ప్లాంటు మంచినీళ్లే పోశాను. బతికింది. ఈ శ్రావణంలో పూసింది. నిన్న పొద్దున కుండీ ఎత్తుకెళ్లి నాగరత్న గడప ముందు పెట్టి, నిలబడే అంతా చెప్పాను. ఆ నీళ్లలో ఏముందో నాకు ముందే తెలుసని చెప్పాను. జిల్లేడు మాటకు కడుపులో పెట్టుకున్న కోపం గురించి చెప్పాను. నీ చేతిలో ఏ తప్పూ లేదని చెప్పాను.

ఆమె గోడ పక్కన ఆ చోటును చూసింది. అక్కడ మన్ను ఇప్పటికీ తెల్లగా పొక్కే ఉంది.

"నీ చెట్టు నాకొద్దు" అంది చివరికి. లోపలికి పోయి కత్తి తెచ్చింది. "ఒక్క కొమ్మ కోసుకుంటా. నేనే నాటుకుంటా."

పెన్సిలంత కొమ్మ ఎంచుకొని, ఏటవాలుగా కోసి, నీళ్ల చెంబులో పెట్టుకుంది. గడ్డపార తీసుకొని ఆ తెల్లమన్ను తవ్వి ఎత్తిపోయడం మొదలుపెట్టింది. క్షమించానని అనలేదు. నా వైపు మళ్లీ చూడలేదు కూడా. చూడమని అడిగే హక్కు నాకు లేదు.

కుండీ ఎత్తుకొని మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని ఏడ్చాను. గోడ అవతల నాగరత్న తవ్వుతూనే ఉంది. చెప్పేశాను. ఇన్నాళ్లకు చెప్పేశాను.