నూట ముప్పై ఒకటో పేజీ తర్వాత

ఫోన్లలోనూ, పలకల్లాంటి ఆ ట్యాబుల్లోనూ కథలు చదవడం నాకు గిట్టదు. గిట్టదని ఊరుకోకుండా, ఇంటికొచ్చిన ప్రతివాళ్లతోనూ దాని మీద వాదన పెట్టుకునేదాన్ని. పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటానని మా ఆయన నవ్వేవారు. ఇప్పుడు ఎవరైనా అడిగితే వాదించడం లేదు. జరిగింది చెబితే నమ్ముతారో లేదోనని ఊరుకుంటున్నాను.

మా ఇల్లు డాలీగంజ్‌లో, వైజాగ్ నుంచి ఓడలో మూడు రోజుల దూరంలో ఉన్న దీవుల్లో. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు గానీ నేను పుట్టింది, పెరిగింది ఈ దీవుల్లోనే. తెలుగు చదవడం మా నాన్న ఇంట్లో నేర్పించాడు. మా ఆయన దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజిన్ పని చేసేవారు. పది రోజులు నీళ్ల మీద ఉంటే నాలుగు రోజులు ఇంట్లో. ఇక్కడ తెలుగు పుస్తకం కొందామంటే దొరకదు. వైజాగ్ నుంచి ఎవరైనా తెస్తే, అది డాలీగంజ్‌లో మొదలై బ్రూక్షాబాద్ మీదుగా మిన్నీ బే దాకా ఇల్లిల్లూ తిరిగి, అట్ట ఊడిపోయి మళ్లీ మా ఇంటికి చేరేది.

ఒకే పుస్తకాన్ని ఇద్దరం చదివేవాళ్లం. ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ అది ఆయనది, ఆయన ఓడెక్కాక నాది. ఎక్కడ ఆపారో నేను వెతుక్కునే పని లేదు. ఎంత సబ్బు పెట్టి తోమినా ఆయన వేళ్ల గీతల్లో ఇంజిన్ ఆయిల్ ఉండిపోయేది. చదివిన ప్రతి పేజీ మూలనా నల్లటి బొటనవేలి ముద్ర పడేది. పుస్తకం పాడుచేస్తున్నారని సణిగేదాన్ని. సణుగుతూనే ఆ నల్ల మచ్చల వెంట వెళ్లేదాన్ని.

మా అమ్మాయి, ఇక్కణ్ణించి బస్సులో రోజంతా పట్టే డిగ్లీపూర్‌లో నర్సు. తెలుగు గడగడా మాట్లాడుతుంది, సగం హిందీ కలిపి. చదవమంటే మాత్రం తెల్లమొహం వేసేది. చిన్నప్పుడు ఎన్నిసార్లు కూర్చోబెట్టినా గుణింతాల దగ్గర లేచి పారిపోయింది. ఈ చెమ్మలో కాగితం నిలవదని, రెండేళ్ల కింద నాకో ట్యాబు కొనిచ్చి, వాళ్ల నాన్న ఫోన్‌లో కూడా పుస్తకాలు చదివే యాప్ ఎక్కించింది. రెండింటికీ తన అకౌంటే పెట్టింది. ఒక పుస్తకం కొంటే ఇద్దరికీ వస్తుందని. ఆయన ఒక లావుపాటి నవల కొనిపించుకున్నారు. నాలుగు వందల పేజీల పైమాటే. నేను దాన్ని ముట్టుకోనని భీష్మించాను. కాగితం మీద వస్తే చదువుతానన్నాను.

ఆ ట్యాబుకి ఒక గుణం ఉంది. ఇంకో చోట ఎవరైనా ముందుకు చదివితే, "ఇంకో ఫోన్‌లో ఫలానా పేజీ దాకా చదివారు, అక్కడికి వెళ్లాలా" అని అడుగుతుంది. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు. ఓడ పోర్టుకి దగ్గరయ్యాక సిగ్నల్ తగిలి, పది రోజుల్లో ఆయన చదివిందంతా ఒక్కసారి వచ్చి పడేది. అంటే మనిషి కంటే ముందు మనిషి చదివిన పేజీ ఇంట్లోకి వచ్చేది. చదవకపోయినా తెరిచి అది చూసి, ఆయన వస్తున్నారని బియ్యం కడిగేదాన్ని. ఆయన రాకముందే ఆయన జాడ ఇంట్లో తిరగడమేమిటని, అప్పుడు కూడా నాకు ఒళ్లు కాస్త జలదరించేది.

ఆయన ఓడలో పోలేదు. జ్వరంతో ఇంటికొచ్చి, ఆసుపత్రిలో మూడు రోజులుండి పోయారు. అస్థికలు తీసుకుని వైజాగ్ వెళ్లి, మా బావగారింట్లో రెండు నెలలు ఉండిపోయాను. ఇక్కడ వానలు. తిరిగొచ్చి తలుపు తీసేసరికి అల్మరా నిండా పచ్చగా బూజు. కర్పూరం, కలరా ఉండలు ఏవీ పనిచేయలేదు. ఒక్కో పుస్తకాన్ని గుడ్డతో తుడిచాను. బూజుతో పాటు ఆ నల్ల వేలిముద్రలు కూడా చెదిరి, పేజీలన్నీ ఒకే మసి అయిపోయాయి. ఆయన పోయిన రోజు ఏడ్చినదానికంటే ఆ రోజు ఎక్కువ ఏడ్చాను.

ఇక మిగిలింది ట్యాబు ఒక్కటే. తెరిస్తే ఆ నవల నూట ముప్పై ఒకటో పేజీ దగ్గర ఉంది. ఆయన ఆగిన చోటు. నాకు గిట్టని వస్తువే అయినా ఆయన తర్వాత ఆ కథేమయిందో చూద్దామనిపించి, అక్కణ్ణించే మూడు పేజీలు చదివాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అంత వాదన చేసినదాన్ని, చెప్పుకుంటే సిగ్గుచేటు.

వారం తర్వాత, మధ్యాహ్నం ముసురు పట్టి ఇల్లంతా మసకగా ఉన్నప్పుడు, ట్యాబు తెరిస్తే అడిగింది. ఇంకో ఫోన్‌లో నూట ముప్పై ఏడో పేజీ దాకా చదివారట, అక్కడికి వెళ్లాలా అని.

నేను లేచి అల్మరా తీశాను. ఆయన ఫోను ఆయన చొక్కాల కిందే ఉంది, నేను చుట్టి పెట్టిన తువ్వాలులోనే. నొక్కితే వెలగలేదు. ఛార్జింగ్ అయిపోయి నెలలైంది. మళ్లీ తువ్వాలులో చుట్టి, తలుపు మూసి, ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. బయట రేకుల మీద వాన. ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నానని నాకు గట్టిగా అనిపించలేదు.

మర్నాడు రెండు పేజీలు చదివాను. మూడు రోజులకి ఆయన ఒక పేజీ ముందుకెళ్లారు. ఆయన అని రాసేశాను చూడండి, అప్పుడూ అలాగే అనుకున్నాను. రెండుసార్లు, పేజీ కదిలిన రోజే ఆయన ఓడ రేవులోకి వచ్చింది. ఆ రెండు రోజులూ బియ్యం ఎక్కువ పోశాను. ఓడ రాని రోజుల్లో కూడా పేజీ కదిలిందన్న సంగతి మనసు లెక్కలోకి తీసుకోలేదు. భయమేసేదా అంటే వేసేది. కానీ వారం పాటు కదలకపోతే అంతకంటే ఎక్కువ భయమేసేది.

కాగితమైతే ఇలా అయ్యేది కాదు. కాగితం మీద చెయ్యి పడితే అది ఎవరి చెయ్యో తెలుస్తుంది. ఈ తెర మీద ఎన్ని పేజీలు తిప్పినా గాజు గాజులాగే ఉంటుంది. ఎవరు తిప్పారో దానికి తెలీదు, అక్కర్లేదు కూడా. ఆ ఏడాదంతా నేను ఆ గాజుని ముక్కుకి ఆనించుకుని వాసన చూసేదాన్ని. ఆయిల్ వాసన ఒక్కసారైనా వస్తుందేమోనని.

సంవత్సరీకానికి అమ్మాయి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం, చుట్టాలందరూ వెళ్లిపోయాక, నేను వంటింట్లో చాటుగా ట్యాబు తెరిచాను. మూడు వందల డెబ్బై ఒకటి. ముందు గదిలో ఏదో గొణుగుడు వినిపిస్తే తొంగి చూశాను. అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుంది. తన ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, గుణింతాలు నేర్చే పిల్లలా వరుస కింద వేలు జరుపుతూ, ఒక్కో మాట కూడబలుక్కుని చదువుతోంది. పేజీ తిప్పింది. నా చేతిలో ట్యాబు, మూడు వందల డెబ్బై రెండుకి వెళ్లాలా అని అడిగింది.

ఏడాది పాటు ఇంట్లో తిరిగిన మనిషి ఆ క్షణాన లేచి వెళ్లిపోయారు. ఈసారి జ్వరం లేదు, ఆసుపత్రి లేదు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. దాన్ని చూసి గర్వపడాలని తెలుసు, తెలుగు చదువుతోంది కదా. కోపమే వచ్చింది. నా మొగుణ్ణి నా నుంచి లాక్కున్నట్టు కోపం.

ట్యాబు కొంగులో దాచుకుని వెళ్లి పక్కన కూర్చున్నాను. అది ఫోను బోర్లించి, గొంతు తగ్గించింది.

"అమ్మా, ఏక్ బాత్ చెప్తాను, నవ్వకు. నాన్న చదువుతున్నాడు."

నేను కొంగులోని ట్యాబుని ఇంకా దగ్గరికి నొక్కుకున్నాను.

"సచ్ చెప్తున్నాను. నాన్న ఆపిన చోట నేను పట్టుకున్నాను. తెలుగు రాదు కదా, మూడు పేజీలు తిప్పడానికి నాకు వారం పడుతుంది. అంతలో నాన్న నాకంటే ముందుకెళ్లిపోతాడు. నేను అందుకుంటాను, మళ్లీ వెళ్తాడు. నాన్న కోసమే అమ్మా, నేను చదవడం నేర్చుకున్నది."

నేను ఆ ట్యాబు ముట్టనని దానికి నమ్మకం. దానికి తెలుగు రాదని నాకు నమ్మకం. ఏడాది పొడుగునా తల్లీకూతుళ్లం ఒకరికొకరం దెయ్యాలమయ్యాం.

ఆ నిమిషంలో చెప్పేయాల్సింది. కొంగులోంచి ట్యాబు తీసి చూపిస్తే సరిపోయేది. దాని మొహం చూశాను. నాకిప్పుడే జరిగింది దానికి కూడా జరగాలా అనిపించింది. బట్టలు తీయాలని చెప్పి పెరట్లోకి వెళ్లాను. చాకిరేవు బండ మీద కూర్చుని, ఒక్క అక్షరమూ చదవకుండా నాలుగు పేజీలు తిప్పాను.

కాసేపటికి లోపలి నుంచి దాని గొంతు వచ్చింది. "అమ్మా, వచ్చాడు."

అంత చల్లటి మాట నేను ఎప్పుడూ వినలేదు. మధ్యాహ్నపు ఎండలో, వేడెక్కిన బండ మీద కూర్చుని వణికాను. ఆయన్ని ఇన్నాళ్లూ ఎక్కడ వెతికానో అక్కడ ఇప్పుడు నేనున్నాను.

ఆ తర్వాత మూడు వందల తొంభై దాకా అలాగే లాక్కొచ్చాను. నవలకి ఇంకో పన్నెండు పేజీలున్నాయి. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. చివరి దాకా తిప్పితే దానికి నాన్న రెండోసారి పోతాడు. తిప్పకపోతే అది అక్కడే కూర్చుంటుంది, కూర్చుంది కూడా. మూడు నెలలైంది. నాన్న కదలందే తను ఒక్క పేజీ ముందుకెళ్లదు, ఇంకో పుస్తకం తెరవదు. వారం వారం ఫోన్ చేసి ఒకటే మాట, నాన్న ఎందుకు ఆగిపోయాడమ్మా, నా మీద కోపమా అని. పోయిన వారం సెలవు దొరికినా ఇంటికి రాలేదు. ఘాట్ రోడ్డులో సిగ్నల్ పోతుందట, అప్పుడు నాన్న వస్తే ఎలా అంటోంది.

ఫోన్‌లో చెప్పబోయాను, రెండుసార్లు. రెండుసార్లూ అన్నం తిన్నావా అని అడిగి పెట్టేశాను. అందుకని కాగితం మీద రాస్తున్నాను. ఇది పత్రికలో అచ్చయితే ఒక కాపీ డిగ్లీపూర్ బస్సులో పంపుతాను. నువ్వు ఇప్పుడు తెలుగు చదవగలవు, వేలు పెట్టుకుని నెమ్మదిగా చదువు. నాన్నకి నీ మీద కోపం లేదమ్మా. నూట ముప్పై ఒకటి దగ్గరే ఆగిపోయారు. ఆ తర్వాత నీ ముందు నడిచింది నేను.