పేర్లు ఊడిన సీసాలు

మాస్టారు పోయాక ఆ ఇంట్లో అందరికంటే ముందు పనిలో పడింది ఆయన భార్య. ఏడుపు రాక కాదు. ఊరికే కూర్చోలేకపోయింది. అందుకని కంటికి కనపడిందల్లా కడిగింది. గిన్నెలు అయ్యాయి, కిటికీ ఊచలు అయ్యాయి, ఆయన చెప్పులు కూడా సబ్బుతో కడిగి ఎండలో పెట్టింది. ఇక కడగడానికి ఏమీ మిగలక వెనక వరండాలోకి వెళితే బల్ల మీద సీసాలు కనిపించాయి.

ఆ సీసాల సంగతి ముందు చెప్పుకోవాలి. మాస్టారి బతుకులో సగం వాటి చుట్టూనే తిరిగింది.

ఆయన ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేవారు. చదువుకునే రోజుల్లో సాయంత్రం పూట మందుల దుకాణంలో పనిచేశారట. ఖాళీ సీసా పారేయాలంటే ప్రాణం ఒప్పని గుణం అక్కడే అంటుకుంది. బళ్ళో సైన్సు గది వాన పడితే కారుతుంది. అందుకని తన సీసాలు ఇంట్లోనే ఉంచుకుని, పాఠం రోజున సంచిలో పెట్టి తీసుకెళ్ళేవారు. ఆ సంచి కుట్టింది ఆయన అక్క. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని ఆవిడా ఆ ఇంట్లోనే ఉంటుంది. సీసాకు సీసా తగలకుండా సంచి నిండా అరలు కుట్టింది. నాలుగు వరుసలు, వరుసకు మూడు అరలు. మూలకాలకు ఒక వరుస, సమ్మేళనాలకు ఒకటి, మిశ్రమాలకు ఒకటి, ద్రావణాలకు ఒకటి.

"బట్టలు కుట్టుకునేదాన్ని, నాకెందుకురా ఈ పేర్లన్నీ?" అని ఆవిడ విసుక్కునేది.

"అదేం లేదక్కా. ఇక వేరే దేనిగానూ విడగొట్టలేనిది మూలకం. రాగితీగ ఎంత కత్తిరించినా రాగే. రెండు మూడు మూలకాలు ఒకదాన్నొకటి పట్టుకుని పూర్తిగా కొత్త వస్తువైపోతే సమ్మేళనం. పక్కపక్కనే ఉన్నా దేని గుణం దానిదే అయితే మిశ్రమం. అలాంటి మిశ్రమమే, ఎక్కడ ముంచి చూసినా ఒక్కలాగే ఉంటే ద్రావణం."

"అయితే మన ఇల్లు మిశ్రమం. నీ గుణం నీది, నా గుణం నాది."

"కాదులే. నువ్వు ఇంట్లో ఏ మూల చూసినా ఉంటావు. ద్రావణమే."

అక్క చేతిలో గజంబద్ద ఉంటే ఆయన వీపు మీద ఒకటి పడేది. వంటింట్లో ఉన్న ఆయన భార్యకు నవ్వాగేది కాదు.

సీసాల మీద పైకి కనపడేలా పేరు ఉండేది కాదు. అది ఆయన పద్ధతి. చిన్న కాగితం ముక్క మీద పేరు రాసి సీసా అడుగున అంటించేవారు. పేరు ముందే చూస్తే పిల్లల కళ్ళు పనిచేయడం మానేస్తాయని ఆయన నమ్మకం. అయస్కాంతం పెట్టి చూడాలి, నీళ్ళలో వేయాలి, వడకట్టాలి, వేడిచేయాలి, ఇది ఫలానా అని తేల్చుకోవాలి. ఆ తర్వాతే సీసా ఎత్తి అడుగు చూడాలి. నాలుక మీద పెట్టుకున్నవాడికి ఆ రోజు సున్నా. ఏం అడిగినా "వడకట్టి చూశావా?" అంటారని పిల్లలు ఆయనకు వడపోత మాస్టారని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయన చెవిన పడింది కూడా. పడి, మురిసిపోయారు.

సీసాలు కడగబోయిన రోజున ఇవేవీ ఆమె తలలో లేవు. దుమ్ము కనిపించింది, అంతే. పెద్ద తొట్టిలో సబ్బునీళ్ళు కలిపి సీసాలన్నీ అందులో నిలబెట్టి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి నీళ్ళ మీద కాగితం ముక్కలు తేలుతున్నాయి. సిరా అంతా కరిగిపోయింది. ఒక సీసా మూత ఊడి పక్కకు ఒరిగి ఉంది. అందులో ఉండేవి ఉత్త నీళ్ళేనని ఆమెకు తెలుసు. గబగబా దాన్ని కడిగి, కొళాయి కింద పట్టి నింపి, మూత బిగించి మిగతావాటి పక్కన పెట్టేసింది. నీళ్ళకు నీళ్ళే కదా అనుకుంది. ఆ ముక్క ఎవరికీ చెప్పనూ లేదు. ఆమె దిగులంతా కాగితాల మీదే. ఆయన చేతిరాత అది. పిండిలా అయిపోయిన ముక్కల్ని అరచేతిలో పెట్టుకుని అక్కడే చతికిలబడింది.

"ఏమే, ఏమైంది?" అంటూ వచ్చిన ఆడపడుచు తొట్టిలోకి చూసి నోరు నొక్కుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

కొన్నాళ్ళకు బడి నుంచి కొత్త సైన్సు టీచరు వచ్చింది. వయసులో చిన్నది, మాట మెత్తన.

"మాస్టారి సీసాలు తెచ్చుకోమన్నారమ్మా హెడ్మాస్టరుగారు. పాఠం దగ్గరకొచ్చింది," అంటూ ఒక సీసా ఎత్తి అడుగు చూసింది. ఇంకోటి ఎత్తింది. "పేర్లు అడుగున ఉంటాయన్నారే?"

ఆమె తొట్టి వైపు చూసింది. ఆడపడుచే అందుకుంది. "కడిగేసింది తల్లీ. ఈ ఇంట్లో ఇంకా కడగనిది నన్నొక్కదాన్నే."

టీచరుకు నవ్వాలో వద్దో తెలియలేదు. సీసాలన్నిటినీ ఒకసారి చూసి, "ఏమీ అనుకోకండమ్మా. లోపల ఏముందో తెలియని సీసా పిల్లల చేతికివ్వకూడదు. తీసేయాల్సి వస్తుందేమో," అంది నెమ్మదిగా.

ఆమె ఆ సీసాల వంకే చూసింది. ఆయన చొక్కాలున్నాయి, కళ్ళజోడుంది, గొడుగుంది. అవి ఎవరికైనా ఉంటాయి. ఈ సీసాలు మాత్రం ఆయన కూర్చుని, తూచి, కలిపి, మూత బిగించినవి. వాటిని పారబోస్తే ఆయన చెప్పిన పాఠాన్నే పారబోసినట్టు. దానికి కారణం ఇంకెవరో కాదు, తనే.

"ఆసిడ్లవీ ఇంట్లోకి తెచ్చేవాడు కాదమ్మా," అంది ఆడపడుచు. "నా గుడ్డలు కాలతాయని ఇల్లు పీకి పందిరేసేదాన్ని."

టీచరు ఒక సీసాను వెలుతురుకు పట్టి చూసింది. "సరే, ముందు నేను ఒక్కొక్కటీ పరీక్ష చేసుకుంటాను. ప్రమాదమైనదేదీ లేకపోతే పిల్లలకే ఇస్తాను. వాళ్ళే తేలుస్తారు. మీరు కూడా రండమ్మా, ఏదైనా గుర్తుపడతారేమో."

"నేనెందుకమ్మా అక్కడ..."

"వెళ్ళవే," అంది ఆడపడుచు. "ఇక్కడుంటే గోడలు కూడా నానబెడతావు."

అన్నేళ్ళు కాపురం చేసిందన్న మాటే గానీ ఆయన తరగతి గదిలో ఆమె ఎప్పుడూ అడుగుపెట్టలేదు. గోడ మీద వాన చారలు, కాళ్ళు అరిగి ఊగే బల్లలు, సుద్దపొడి వాసన. ఆయన చొక్కా ఉతికేటప్పుడు వచ్చే వాసనే అది. ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని చివరి బల్ల మీద ఒదిగి కూర్చుంది.

"ఈసారి సీసాల అడుగున జవాబు లేదు," అంది టీచరు.

"మరి మేం చెప్పింది కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది టీచర్?" అని లేచాడొక అబ్బాయి. ప్రతిదానికీ వాదిస్తాడని వాణ్ణి అందరూ లాయరంటారు.

"నువ్వే తేల్చాలి. ఎందుకో కూడా చెప్పాలి."

"ఇది అన్యాయం టీచర్."

"కూర్చోరా లాయరూ, మొదలుపెట్టకముందే కేసు వేస్తావేం?" అంది ముందు బల్ల అమ్మాయి, వాడి చొక్కా పట్టి లాగుతూ.

ఇక గదంతా సంతలా అయిపోయింది. నలుపూ పసుపూ కలిసిన పొడి దగ్గర అయస్కాంతం పెడితే నలుపు మీసాల్లా లేచి అంటుకుంది, పసుపు కాగితం మీదే ఉండిపోయింది. ఇనుపరజను, గంధకం; మిశ్రమం. ఇసుకలో ఇనుపరజనుదీ అదే వరస. సుద్దనీళ్ళు వడకాగితం దగ్గర దొరికిపోయాయి. తెల్లటి పొడులు రెండు ఉంటే, ఒకటి వేడికి చిటపటలాడి ఊరుకుంది, అది ఉప్పు; ఇంకొకటి కరిగి, ఎర్రబడి, చివరికి బొగ్గయింది. "పంచదారలో బొగ్గెక్కడిది టీచర్?" అని నోరు తెరిచారు పిల్లలు. "అందుకే అది సమ్మేళనం. బొగ్గుగా ఉండడం మానేసి తీపైంది," అంది టీచరు. ఇత్తడి ముక్క దగ్గర మాత్రం పెద్ద రభస. అంతా ఒక్కలాగే మెరుస్తోంది కాబట్టి మూలకమేనని సగం మంది. రాగినీ, జింకు అనే తుత్తునాగాన్నీ కరిగించి కలిపితే ఇత్తడి వస్తుందని, ద్రావణమంటే తాగేదే కానక్కర్లేదని టీచరు చెబితేగానీ సర్దుకోలేదు.

ఆమె కళ్ళప్పగించి చూస్తోంది. ఇంట్లో ఆయన ఒంటరిగా కూర్చుని కలిపిందల్లా ఇక్కడ ఇంతమంది చేతుల్లో విడిపోతోంది. ఒక్కటీ పారబోసే అవసరం లేదు. చాలా రోజుల తర్వాత ఆమెకు ఊపిరి నిండుగా ఆడింది.

చివరికి లాయరు సంచి తెరిచి, సీసాల్ని అరల్లో పెడుతూ ఆగిపోయాడు.

"టీచర్, తేడా వచ్చింది. వరుసకు మూడు అరలు కదా? ద్రావణాలు నాలుగొచ్చాయి. సమ్మేళనాలు రెండే."

తేటగా ఉన్న నీళ్ళ సీసాలు మూడున్నాయి. అన్నిటినీ మళ్ళీ కొంచెం కొంచెం పింగాణీ పళ్ళేల్లో పోసి మరిగించారు. ఒకదాంట్లో ఉప్పు పేరుకుంది. ఒకదాంట్లో పంచదార పాకమై అంటుకుంది. మూడోది చూడ్డానికి ఉత్త నీళ్ళేగానీ, ఇగిరాక సన్నటి తెల్లమచ్చ మిగిలింది.

"నీళ్ళు సమ్మేళనమే. కానీ ఇందులో ఇంకేదో కరిగి ఉంది," అంది టీచరు. "ఆవిరి చేసి చల్లార్చి పట్టిన నీళ్ళకైతే ఇలా మచ్చ రాదు. సమ్మేళనాల వరుసలో మాస్టారు మామూలు నీళ్ళు పెట్టినట్టున్నారు."

"అయితే వడపోత మాస్టారే తప్పు చేశారు!" అన్నాడు లాయరు. "ఇన్నేళ్ళూ అందరికీ తప్పే చూపించారు."

"పోయినవాళ్ళను అలా అనకూడదురా."

"అనకపోతే సీసాలు సరిపోతాయా?"

గదిలో గుసగుసలు. టీచరు ఇబ్బందిగా వెనక్కి చూసి, "పెద్దవాళ్ళూ పొరపడతారు. ఉన్నదున్నట్టు రాసుకోండి," అంది.

ఆమెకు ఆ నీళ్ళు ఎక్కడివో గుర్తొచ్చింది. మధ్యాహ్నాలు ఆయన కెటిల్ పొయ్యి మీద పెట్టి, ఆవిరికి అడ్డంగా స్టీలు పళ్ళెం వాలుగా పట్టుకుని కూర్చునేవారు. బొట్టు బొట్టుగా జారే నీళ్ళను గిన్నెలో పట్టేవారు. "నీళ్ళు కాచి నీళ్ళు చేస్తున్నాడమ్మా మా తమ్ముడు! ఇంత చదువూ ఇందుకే!" అని ఆడపడుచు వేళాకోళం చేస్తే తనూ నవ్వింది. ఎందుకండీ అని ఒక్కనాడూ అడగలేదు.

ఇప్పుడు ఊరుకుంటే ఎవరికీ తెలియదు. సీసాలు ఎలాగూ దక్కాయి. కానీ పిల్లలు వంగి రాసుకుంటున్నారు. ఆ గదిలో ఆయన పేరు కింద తప్పు అన్న మాట పడబోతోంది. ఆయన పోయినప్పటి నుంచి బయటివాళ్ళతో పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు. లేచి నిలబడేసరికి బల్ల కిర్రుమంది. అందరూ వెనక్కి తిరిగారు.

"రాయకండి నాయనా. అవి మీ మాస్టారు పోసిన నీళ్ళు కావు. నేను పోశాను."

"మీరా?" అన్నాడు లాయరు.

"కడుగుతుంటే మూత ఊడి ఒలికిపోయాయి. నీళ్ళే కదా అని కొళాయి కింద పట్టాను. ఆయనవి ఆవిరి నీళ్ళే. పళ్ళెం పట్టుకుని, చెయ్యి కాలుతున్నా కదలకుండా, బొట్టు బొట్టు పట్టేవారు. నేను చూశాను. చూసి నవ్వాను." పైటతో కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాది. ఆయన్ని అనకండి."

లాయరు తల గోక్కున్నాడు.

"అయితే టీచర్, మేం చెప్పింది కూడా కరెక్టే కదా? సీసాలో ఉన్నది ద్రావణమే."

"కరెక్టే."

"మాస్టారిదీ కరెక్టే."

"అదీ కరెక్టే."

"మరి ఇంకేం, అమ్మగారు ఎందుకేడుస్తున్నారు?"

ముందు బల్ల అమ్మాయి వాడి కాలు తొక్కింది. టీచరు దగ్గరకొచ్చి, ఒక కాగితం ముక్కా పెన్నూ ఆమె ముందు పెట్టింది. "ఇప్పుడు అందులో ఉన్నది మీరు పోసింది. పేరు మీరే రాయండమ్మా."

ఆమె పెన్ను పట్టి ఎన్నాళ్ళయిందో. వంకరటింకర అక్షరాలతో, ఒక్కొక్కటే కూడబలుక్కుని, 'కొళాయి నీళ్ళు, ద్రావణం' అని రాసింది. పిల్లలు చుట్టూ మూగారు. కాగితం అంటించాక కూడా ఆమె సీటుకు పోలేదు. పింగాణీ పళ్ళెం చేతిలోకి తీసుకుని, ఇంకా వెచ్చగా ఉన్న ఆ తెల్లమచ్చను వేలితో తాకి చూసింది.

"ఇదేమిటి నాయనా? మూలకమా, సమ్మేళనమా?"

"ఉప్పు!" "సున్నం!" "సబ్బు అయ్యుంటుంది అమ్మగారూ!" అని తలోవైపు నుంచి అరిచారు.

లాయరు పళ్ళెం లాక్కుని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"ఉండండి అమ్మగారూ, చూడకుండా చెప్పకూడదు," అని పళ్ళేల కింద వెలిగించిన దీపం ముందుకు జరుపుకున్నాడు.