గుడ్డు సంగతి నేను చెప్పలేదు

మా పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా, మా అత్తగారిని పక్కన నిలబెట్టుకుని నేనొక డాక్టరుకు అబద్ధం చెప్పాను. పూర్తి అబద్ధం కాదు. సగం చెప్పి సగం మింగేశాను. మింగిన సగమే అసలు సంగతి.

మేం సెంబవాంగ్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. మాది గుంటూరు వైపు. ఉద్యోగానికని ఇక్కడికొచ్చి, ఇక్కడే పరిచయమైన మనిషిని పెళ్ళి చేసుకున్నాను. ఆయన వాళ్ళది మలేసియా తెలుగు కుటుంబం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళు. మా అత్తగారు తోటలోనే పుట్టి, అక్కడే నలుగురు పిల్లల్ని పెంచి, ఇప్పుడు మాకు సరిహద్దు అవతల, మలేసియా వైపున్న జొహోర్ బహ్రులో పెద్ద కూతురి దగ్గర ఉంటున్నారు. నా ప్రసూతి సెలవు అయిపోయాక, సోమవారం పొద్దున్నే బస్సులో సరిహద్దు దాటి వచ్చి పాపను చూసుకుని, శుక్రవారం సాయంత్రం తిరిగి వెళ్ళేవారు. ఆ సరిహద్దు దగ్గర లైన్లో గంటకు పైగా నిలబడాలి. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

పాపకు ఘనాహారం మొదలుపెట్టే వేళకి నేను ఫోనులో చదవాల్సినదంతా చదివేశాను. చెంచాతో కుక్కకూడదు, మెత్తగా ఉడికిన ముక్కలు ముందు పెడితే పిల్లే తీసుకుని తినాలి, ఎంత తినాలో పిల్లకే తెలుసు. ఇక్కడి తల్లుల్లో చాలామంది ఈ పద్ధతే పాటిస్తారు, దీన్నే బేబీ లెడ్ వీనింగ్ అంటారు. మా తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపులోనూ దీని గురించే మాటలు. ఎవరి పిల్ల క్యారెట్ పట్టుకుంది, ఎవరి పిల్లాడు ఇడ్లీ ముక్క నమిలాడు, అన్నీ ఫోటోలతో సహా.

మా అత్తగారికి ఇది మింగుడు పడలేదు. "ఏటమ్మా ఇది, పళ్ళే రాలేదు పిల్లకి. మెత్తగా మెదిపి, నెయ్యి సుక్కేసి, నోటికందిస్తే తింటాది గదా" అనేవారు.

"అత్తయ్యా, అవన్నీ పాత పద్ధతులు. చెంచాతో పెట్టొద్దని చెప్పాను కదా" అనేదాన్ని. నా గొంతు ఎలా ఉండేదో నాకిప్పుడు బాగా వినిపిస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్ళకు పని చెప్పే గొంతు.

ఆ రోజుల్లోనే మా ఆఫీసులో ఒక స్పెయిన్ ఆవిడ, అందరూ తలొకటి వండి తెచ్చుకునే రోజున తన ఊరి వంటకం తెచ్చింది. పేరు తోర్తియా. బంగాళాదుంపలు పల్చగా తరిగి, ఉల్లిపాయతో కలిపి ఆలివ్ నూనెలో సన్నని సెగ మీద మగ్గించి, గిలకొట్టిన గుడ్లలో కలిపి, పెనం మీద మందంగా పోసి, పళ్ళెం బోర్లించి తిరగేస్తారు. చూడటానికి మన దిబ్బరొట్టెలా ఉంటుంది. లోపల కొంచెం జారుగా ఉంటేనే రుచి అంది ఆవిడ. "మా ఇంట్లో పళ్ళు రాని పిల్లల నుంచి పళ్ళూడిన తాతల దాకా అందరూ ఇదే తింటారు" అని నవ్వింది. ఆ మాట నాలో దీపం వెలిగించింది. మెత్తగా ఉంటుంది, చేతికి దొరుకుతుంది, నోట్లో కరుగుతుంది. మా గ్రూపులో ఎవరూ చెయ్యనిది.

రెండు ఆదివారాలు దాని మీదే కూర్చున్నాను. నూనెలో మగ్గించకుండా దుంపల్ని ఆవిరి మీద ఉడికించాను. ఉప్పు మానేశాను. ఉల్లిపాయ నోటికి తగలకుండా మెత్తటి ముద్దయ్యే దాకా ఉంచాను. స్పెయిన్ వాళ్ళు జారుగా వదిలేసే గుడ్డును లోపలి దాకా గట్టిపడేలా ఉడికించాను. మొదటిసారి తిరగేస్తుంటే సగం స్టౌ మీద పడింది. రెండోసారి కుదిరింది. చల్లారాక నా చూపుడువేలంత పొడుగు ముక్కలు కోశాను.

పాప దాన్ని పిడికిట పట్టుకుని, ఒక కొస నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చప్పరించింది. నేను వీడియో తీస్తూ కూర్చున్నాను. సోమవారం మళ్ళీ పెట్టాను. అప్పటికి అత్తగారు వచ్చారు.

"అమ్మాయ్, ఇలా సూడు. పిల్ల మూతి సుట్టూ ఎర్రగా పొక్కింది" అన్నారు.

చూశాను. కింది పెదవి పక్కన, గడ్డం మీద చిన్న చిన్న ఎర్రటి దద్దుర్లు. గుడ్డు వల్ల ఇలా రావచ్చని నేను చదివాను. కొత్త పదార్థం పెట్టినప్పుడు మూడు రోజులు కనిపెట్టుకుని ఉండాలనీ చదివాను. అన్నీ చదివినదాన్ని. అయినా "చొంగ కారి అలా అయింది అత్తయ్యా, ఏం కాదు" అన్నాను. తడిగుడ్డతో తుడిచాను. అరగంటలో తగ్గిపోయింది. ఆ వెంటనే ఫోటోల్లోకెళ్ళి, గడ్డం కనిపించే భాగాన్ని కత్తిరించి, కళ్ళూ చేతిలో ముక్కా మాత్రమే ఉండేలా చేసి గ్రూపులో పెట్టాను. తయారీ విధానం కూడా రాశాను. ముప్పై మందికి పైగా మెచ్చుకున్నారు. టోవా పాయోలో ఉండే ఒకావిడైతే "మీరు పుస్తకం రాయాలండీ" అంది. రోజంతా ఆ మాట తలుచుకుని మురిసిపోయాను.

మరుసటి వారం బుధవారం ఇంటి నుంచి పనిచేస్తున్నాను. మధ్యాహ్నం మళ్ళీ అదే చేసి పాప ముందు పెట్టి, పక్కగదిలో మీటింగులో కూర్చున్నాను. పావుగంట అయిందో లేదో అత్తగారి కేక వినిపించింది. పరుగెత్తుకెళ్ళేసరికి పాప పెదవులు ఉబ్బి ఉన్నాయి. పొట్ట మీద, మెడ మీద పెద్ద పెద్ద దద్దుర్లు. తిన్నదంతా అత్తగారి చీర మీద కక్కింది. ఆవిడ పిల్లను భుజాన వేసుకుని అప్పటికే చెప్పులు తొడుక్కున్నారు. "లిఫ్టు నొక్కు, లిఫ్టు నొక్కు" అంటున్నారు. నేను ఫోను కోసం వెతుకుతూ నిలబడ్డాను.

మా బ్లాకు ఎదురుగానే ఒక క్లినిక్ ఉంది. డాక్టరమ్మ మలయ్ ఆవిడ, వయసులో పెద్ద. పాప ఊపిరి చూసి, ఒంటినిండా చూసి, వెంటనే మందు ఇచ్చింది. కాసేపటికి, నేను ఫోను చేస్తే మావారు కూడా ఆంగ్ మో కియోలోని ఆఫీసు నుంచి టాక్సీలో వచ్చేశారు. ఊపిరి బాగానే ఉందని, అయినా రెండు గంటలు ఇక్కడే కూర్చోవాలని చెప్పి, డాక్టరమ్మ నన్ను అడిగింది: పాప ఏం తిన్నది?

నోటిదాకా వచ్చింది. గుడ్డు అనే ఒక్క మాట. కానీ పక్కన మావారున్నారు. వారం రోజులుగా ఆ వీడియోను ఆయన తన స్నేహితులకు కూడా చూపిస్తున్నారు.

"నేను పెట్టింది ఉడికించిన బంగాళాదుంప. అందులో ఉప్పు కూడా లేదు" అన్నాను ఇంగ్లిషులో. "మధ్యలో మా అత్తగారు నాకు తెలీకుండా ఏదో పెడుతుంటారు. వద్దన్నా వినరు. ఆవిడనే అడగండి."

అత్తగారికి ఆ మాత్రం ఇంగ్లిషు అర్థమవుతుంది. నా వైపు ఒక్కసారి చూశారు. కక్కు మరక ఆరని చీర కొంగు చేతిలో నలుపుకుంటూ, డాక్టరమ్మ వైపు తిరిగి మలయ్‌లో మెల్లగా నాలుగైదు మాటలు చెప్పారు. నాకు మలయ్ రాదు. తన తప్పు కప్పిపుచ్చుకుంటున్నారనుకున్నాను. డాక్టరమ్మ తలూపి, రాసుకుని, నా మీద కోపం లేని గొంతుతోనే "గుడ్డు ఆపేయండి. పరీక్షకు రాసిస్తాను" అంది. గుడ్డు మాట ఆవిడకెలా తెలిసిందని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

శుక్రవారం అత్తగారు మామూలుగానే వెళ్ళారు. సోమవారం రాలేదు. మోకాళ్ళు బాగాలేవని మా ఆడపడుచు కబురు చేసింది. నేను సెలవు పెట్టాల్సి వచ్చింది. మంగళవారం కూడా రాకపోయేసరికి, పొద్దున కాఫీ తాగుతూ మావారితో సణిగాను. "చేసిందంతా చేసి అలిగి కూర్చుంటే ఎలా? పరీక్ష అయ్యేదాకా ఆగలేరా?"

ఆయన కప్పు కింద పెట్టారు. సాధారణంగా గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఆ రోజు అమ్మ డాక్టర్‌కి ఏం చెప్పిందో నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"'మా కోడలు కంగారులో మర్చిపోయింది, దాంట్లో గుడ్డు కూడా ఉంది' అంది. 'పోయిన వారం కూడా మూతి ఎర్రబడింది, నేనే సరిగా చూసుకోలేదు' అంది. అంతే. నీ మీద ఒక్క మాట కూడా చెప్పలేదు." కప్పు పక్కకు జరిపారు. "నువ్వే చెప్తావని వెయిట్ చేశాను. ఆరు రోజులైంది."

పాప నేల మీద కూర్చుని గిన్నె మీద గరిటెతో కొడుతోంది. ఆ చప్పుడుకు ఆయనా నేనూ తలెత్తలేదు. ఆయన ఆఫీసుకు వెళ్ళాక, ఫోను తీసి ఆ పాత ఫోటో కత్తిరించకముందు ఎలా ఉండేదో చూశాను. గడ్డం నిండా ఎరుపు. చొంగ వల్ల కాదని ఎవరికైనా తెలుస్తుంది. నాకు ఆ రోజే తెలుసు. పిల్లకు ఏమన్నా అయితే అన్న భయం కన్నా, నా వంట పిల్లకు పడలేదని నలుగురికీ తెలుస్తుందన్న భయం పెద్దదైంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

శనివారం పాపను ఎత్తుకుని జొహోర్ బయలుదేరాను. మావారు వస్తానన్నారు, నేనే వద్దన్నాను. లైన్లో నిలబడి ఉండగా పాప ఏడ్చింది, నా భుజాలు లాగేశాయి. ప్రతి సోమవారం ఆవిడ నిలబడే చోటు ఇదే.

అత్తగారు వంటింట్లో ఉన్నారు. నన్ను చూసి "ఒక్కతివే వచ్చావా? పిల్లని ఇటియ్యి. తిన్నావా?" అన్నారు. పాప ఆవిడ మెడ పట్టుకుని వేలాడింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"అత్తయ్యా, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

"తెల్సు."

"మూతి ఎర్రబడినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మీరు చూపించారు కూడా. నా పేరు పోతుందని..."

"తెల్సమ్మా" అన్నారు మళ్ళీ. పాప వీపు నిమిరారు. "మనసుకి నొప్పి పుట్టింది. నేదని సెప్పను. మోకాళ్ళ కబురు నేనే పంపమన్నాను, అదీ అబద్ధమే. నీకు తెలీకుండా పప్పుకట్టు అన్నం రెండు మూడు సార్లు పెట్టాను, అది నిజమే. దానికి తిట్టు, పడతాను. నన్ను రావద్దంటే మానేస్తాను. కానీ నా కొడుకు ముందర నన్ను దొంగని సెయ్యకు."

నేను వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఏడ్చాను. ఆవిడ నన్ను లేవమనలేదు, ఓదార్చలేదు. చాలాసేపయ్యాక "లే, పిల్లకి ఆకలేస్తాది" అన్నారు.

తరువాత పరీక్షలో గుడ్డు పడదనే తేలింది. పెద్దయ్యేకొద్దీ చాలామంది పిల్లలకు తగ్గిపోతుందన్నారు. అత్తగారు మళ్ళీ సోమవారాలు రావడం మొదలుపెట్టారు. మొదట్లో నాతో మునుపటిలా మాట్లాడలేదు. అడిగినదానికి జవాబు, అంతే. దానికి నేను అర్హురాలినే అనుకున్నాను.

ఒక రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవిడే ఉడికించిన దుంపలు పల్చగా తరుగుతున్నారు. బంగాళాదుంపను ఆవిడ మలయ్ మాటతో కెంతాంగ్ అంటారు. "ఆ కెంతాంగ్ అట్టు పిల్ల ఇష్టంగా తినీది గదా. గుడ్డు బదులు సెనగపిండి జారుగా కలిపి సూద్దాం. పిల్ల పెసరట్టు తింటే ఏమీ అవ్వనేదు, సెనగపప్పు కట్టు తాగినా ఏమీ అవ్వనేదు" అన్నారు. ఆ కట్టు ఎప్పుడు తాగించారో నేను అడగలేదు.

ఇద్దరం కలిసి చేశాం. పిండి పచ్చివాసన పోయేదాకా మూతపెట్టి సన్నని సెగ మీద ఉంచాం. తిరగేసేటప్పుడు పెనం ఆవిడ పట్టుకున్నారు, పళ్ళెం నేను పట్టుకున్నాను. మూడు రోజులు చూశాం, ఒక్క దద్దురు రాలేదు.

గ్రూపులో ఆ మూడో రోజు సాయంత్రమే రాశాను, నా తయారీ విధానంలో గుడ్డు వల్ల మా పాపకు ఏమైందో, ఎవరూ అలా తొందరపడొద్దని. ఫోటో కత్తిరించిన సంగతి మాత్రం రాయలేదు. టోవా పాయో ఆవిడ "అయ్యో, మొదటిసారి పెట్టినప్పుడు ఏమీ కనిపించలేదా అండీ?" అని అడిగింది. కనిపించింది అని టైపు చేసి, చెరిపేసి, మళ్ళీ టైపు చేశాను. పంపడానికి రెండు రోజులు పట్టింది.