సీలు తీసిన పెట్టె

ఫోన్ల గురించి, గాడ్జెట్ల గురించి రాసి పేరు తెచ్చుకోవాలంటే ఏం చెయ్యాలో చెప్పమని అడిగావు. ఇలా అడిగేవాళ్ళ కోసం నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉంటుంది. ఏళ్ళ తరబడి అదే పంపుతున్నాను. నీకు మాత్రం పంపబుద్ధి కాలేదు. "అక్కా, మీరు ఎప్పుడూ నిజమే రాస్తారు" అన్నావు చివర్లో. అది చదివాక ఆ పూట అన్నం సహించలేదు.

నిజమే రాశాను. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు కూడా అదే. ఆ నిజంతోనే ఒక మనిషి కొట్టు మూయించాను. ఈ సంగతి నా భర్తకి తెలియదు. ఆఫీసులో పక్క సీట్లో కూర్చుని నా టిఫిన్ డబ్బా పంచుకునే స్నేహితురాలికీ తెలియదు. నీ మొహం నేను చూడలేదు కాబట్టి నీకు చెప్పగలుగుతున్నానేమో. చూసి ఉంటే మళ్ళీ ఏదో ఒక మాట మింగేసేదాన్ని. మింగడం నాకు బాగా అలవాటు.

అమీర్‌పేటలో గోడ కనిపించకుండా కోర్సుల పోస్టర్లు అంటించిన రోజులవి. మాది తెనాలి పక్కన పల్లె. డిగ్రీ అయ్యాక జావా నేర్చుకుందామని వచ్చి లేడీస్ హాస్టల్లో దిగాను. కోర్సు అయిపోయింది. పక్క మంచాల వాళ్ళు ఉద్యోగాలు దొరికి ఒక్కొక్కరే మాదాపూర్ వైపు వెళ్ళిపోయారు. నేను మిగిలాను. రాయమంటే ఎంతైనా రాస్తాను గానీ ఇంటర్వ్యూలో నోరు పెగలదు నాకు. ఇంటి నుంచి ఫోన్ వస్తే నాన్నది ఒకటే మాట, "ఇంకెన్నాళ్ళమ్మా, వచ్చెయ్." వెళ్తే మళ్ళీ రానివ్వరని తెలుసు.

ఆ దిగులులోనే నెట్ సెంటర్లో కూర్చుని బ్లాగు మొదలుపెట్టాను. తెలుగులో ఫోన్ల గురించి రాసేవాళ్ళు అప్పట్లో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నా పేరు పెట్టుకోలేదు. 'హాస్టల్ పిల్ల' అని రాసేదాన్ని.

నువ్వడిగిన చిట్కాలు అప్పుడు నేను చేసినవే. అవి ఇప్పటికీ మంచివే, తీసుకో. కంపెనీ ఇచ్చిన కాగితంలోని అంకెలు ఎత్తి రాయకు, అవి అందరి దగ్గరా ఉంటాయి. ఫోను పట్టుకుని మైత్రీవనం బస్టాపు ముందు నిలబడు, బస్సుల రొదలో అవతలి మనిషి మాట వినిపిస్తుందో లేదో చూడు. సెల్లార్లో నడిపే క్లాసురూములోకి దిగి, ఎన్నో మెట్టు దగ్గర సిగ్నల్ పోతుందో చూడు. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర మీద అక్షరాలు చదవగలుగుతున్నావా? చెమట చేతికి జారుతోందా? నచ్చనిది ముందు రాయి, నచ్చింది తర్వాత. ఇదంతా చెయ్యాలంటే ముందు ఫోను చేతిలో ఉండాలి కదా. కొనే తాహతు నాకెక్కడిది?

హాస్టల్ సందు మొదట్లో యాదగిరన్న ఫోన్ల కొట్టు ఉండేది. సిరిసిల్ల మనిషి. ఇంట్లో అందరూ మగ్గం మీద బతికినవాళ్ళు, ఈయన ఒక్కడు పట్నం వచ్చి కొట్టు పెట్టుకున్నాడు. రీచార్జికని వెళ్ళి అద్దాల బీరువా ముందు అతుక్కుపోయే నన్ను చూసి చూసి ఒకరోజు అడిగాడు. "కొనవు, పోవు. ఏంది చెల్లె నీ కత?"

చెప్పాను. నవ్వాడు. డెమో పీసు తీసి చేతిలో పెట్టి, సాయంత్రంలోగా తెచ్చివ్వమన్నాడు. పూచీకత్తు అడగలేదు, నా పేరు కూడా అడగలేదు. ఆ తర్వాత నేను రాసిందల్లా ప్రింటు తీసి ఆయన కౌంటరు ముందు చదివి వినిపించేదాన్ని. ఆయన అమ్ముతున్న ఫోన్నే నేను తిడితే పడీపడీ నవ్వేవాడు. ఆ ఊళ్ళో నా రాత విని నవ్విన మొదటి మనిషి ఆయనే.

డెమో పీసులతో కొన్నాళ్ళు నడిచింది. అయితే అవి కొట్టుకి చేరేసరికే అందరూ రాసేసేవారు. అందరికంటే ముందు రాయాలంటే సీలు తియ్యని కొత్త పెట్టె కావాలి. అడిగాను. నేనే అడిగాను. ఈ రెండు మాటలు రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.

ఆయన ఒప్పుకోలేదు. సీలు చిరిగితే ఎవరు కొంటరు, కొనేటోళ్ళకు ఏమని చెప్పాలె అన్నాడు. మర్నాడు హాస్టల్ నుంచి నా హెయిర్ డ్రైయర్ పట్టుకెళ్ళాను. ఎర్రది, మా పిన్ని కొనిపెట్టింది. సీలు మీద వేడిగాలి కొడితే జిగురు మెత్తబడి చిరక్కుండా లేస్తుందని నెట్‌లో ఎక్కడో చదివాను. లేచింది. మళ్ళీ అంటిస్తే అంటుకుంది. ఒక్క పూట వాడితే ఏం అరుగుతుందన్నా అన్నాను. ఆయన పెట్టె వంక చూశాడు, నా మొహం వంక చూశాడు, సరే అన్నాడు. డ్రైయర్ ఆ కొట్లోనే ఉండిపోయింది.

ఆ ఫోన్లు కొన్నవాళ్ళు కొత్తవనుకునే కొన్నారు. వాళ్ళకంటే ముందు వాటిల్లో మాట్లాడింది నేను. ఆ మోసంలో సగం పాపం నాది. సగమేమిటి, ఎక్కువే నాది.

ఇంతలో సోమాజిగూడలో ఒక ఆఫీసువాళ్ళు తెలుగు వెబ్‌సైటు పెడుతూ, టెక్నాలజీ పేజీకి మనిషి కావాలని నా బ్లాగు చూసి పిలిచారు. నోరు విప్పక్కర్లేని ఇంటర్వ్యూ అదొక్కటే నా జన్మలో. అక్కడి పెద్దాయన, "రాత బాగుందమ్మా. కానీ జనం ఒకరికొకరు పంపుకునేది ఒకటి రాసి చూపించు, అప్పుడు చూద్దాం" అన్నారు. అది రాస్తే అమీర్‌పేటలో ఉంటాను. రాయకపోతే తెనాలి బస్సెక్కాలి.

ఆ రోజుల్లోనే అందరూ ఎదురుచూస్తున్న ఫోను ఒకటి బజారులోకి రాబోతోంది. నాకే ముందు ఇస్తానని యాదగిరన్న మాటిచ్చాడు. సరిగ్గా అప్పుడే నాకు జ్వరం తగిలింది. జ్వరం తగ్గి నెట్ సెంటర్‌కి వెళ్ళేసరికి, పంజాగుట్టలో ఉండే ఒక అబ్బాయి బ్లాగులో ఆ ఫోను రివ్యూ వచ్చేసి ఉంది. ఫోటోలో ఫోను కింద నీలిగళ్ళ తువ్వాలు. యాదగిరన్న నాన్న ఊరి నుంచి నేసి పంపిన తువ్వాలది. గీతలు పడకుండా ప్రతి ఫోనునీ దాని మీదే పెట్టేవాడు.

ఒళ్ళు మండిపోయింది. చెల్లె, చెల్లె అంటూనే నాకిస్తానన్నది వాడికిచ్చాడా? వాడి బ్లాగుకి జనం ఎక్కువ, వాడి వల్ల గిరాకీ పెరుగుతుందని నన్ను పక్కన పెట్టేశాడా? నన్ను మోసం చేశాడు. ఆ మాట ఎంత గట్టిగా అనుకున్నానంటే, ఆ రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గు కంటే ముందు ఆ మంటే తగులుతుంది. అబద్ధమని తెలిసిపోయిన మంట కూడా ఆరదు చూడు. కొట్టు ఎంత దూరం? వెళ్ళి, 'ఏంటన్నా ఇది' అని అడిగితే సరిపోయేదిగా. సిగ్నల్ గురించి చిన్న మాట రాయడానికి సెల్లార్ మెట్లు దిగి ఎక్కి సరిచూసుకునేదాన్ని, మనిషి సంగతి మాత్రం ఒక్క ఫోటో చూసి తేల్చేశాను.

కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా రాశాను. 'కొత్త ఫోను కొంటున్నారా? సీలు చూసి మోసపోకండి' అని పేరు పెట్టాను. అందులో ప్రతి చిట్కా నిజమే. సీలు అంచున జిగురు మసకబారిందేమో చూడండి, మూలలు ఎండిన ఆకులా లేచాయేమో చూడండి, డ్రైయర్‌తో ఇలా లేపుతారు, ఇలా అంటిస్తారు. రుజువుగా ఒక ఫోటో పెట్టాను. అంతకుముందెప్పుడో, కొట్లో ఒక చేత్తో డ్రైయర్, ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని సరదాగా తీసింది. ఎడమవైపు బ్లేడుతో సీలు లేపుతున్న యాదగిరన్న బొటనవేలు, కింద తువ్వాలు. కుడివైపు నా చెయ్యి. కుడివైపు కత్తిరించేశాను.

తువ్వాలు ఉంచాను. దాన్ని చూసి కొట్టు గుర్తుపడతారని నాకు తోచలేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. తోచకపోవడమేమిటి? ఆ అబ్బాయి ఫోటోలో నేను గుర్తుపట్టింది దాన్ని చూసే కదా.

మర్నాటికి కింద కామెంట్లో ఒకాయన అడిగాడు, మేడమ్, ఇది అమీర్‌పేటలో ఫలానా సందులోని కొట్టేనా అని. అవుననలేదు. కాదనలేదు. 'పేర్లు చెప్పలేను, అర్థం చేసుకోండి' అని రాశాను. అర్థం చేసుకున్నారు. ఆఫీసుల్లో మెయిళ్ళు ఒకరి నుంచి ఒకరికి పోయాయి, కోచింగ్ సెంటర్ల మెట్ల మీద ప్రింటులు చేతులు మారాయి. సోమాజిగూడ పెద్దాయన ఫోన్ చేసి, ఒకటో తారీఖున చేరమన్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి మా అమ్మమ్మ చెబుతుంటే నవ్వేదాన్ని. నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, పీకి బజార్లో పెట్టాను.

యాదగిరి కొట్టు దగ్గర పెద్ద గొడవైందని హాస్టల్లో పిల్లలు చెప్పుకుంటుంటే విన్నాను. మర్నాడు పొద్దున వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? జాలితోనా, చూసి సంతోషిద్దామనా? నిజంగా నాకు తెలియదు. షట్టర్ సగం దించి ఉంది. లోపల పెట్టెలన్నీ కింద కుప్పగా ఉన్నాయి. ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"రా చెల్లె," అన్నాడు. ఎప్పటి గొంతే.

"ఏమైందన్నా?" అని అడిగాను. చూశావా, ఏమైందని అడిగాను.

"ఏమైతది. నా దగ్గర కొన్నోళ్ళు మస్తు మంది వచ్చిండ్రు. అన్ని పెట్టెలు సూపియ్ అన్నరు, సూపిచ్చిన. సీల్ లేపింది ఒక్కటే దొర్కింది. గా కొత్తగొచ్చిన ఫోన్‌ది."

"అది పంజాగుట్ట అబ్బాయికి ఇచ్చారుగా?"

"ఇచ్చుడేంది? గా పిలగాడు పైసలు కట్టి కొనుక్కపోయిండు. ఈడనే నిలబడి ఫోటో తీస్కున్నడు." కుప్పలోని ఒక పెట్టె వైపు చూపించాడు. "నీది నీకు పక్కకు పెట్టిన. నీకు జరమని మీ హాస్టల్ల ఉండే ఇంకో పిల్ల చెప్పింది. లేవంగనే ఉరుక్కుంట వస్తవని సీల్ సుత లేపి పెట్టిన."

కౌంటరు పట్టుకున్నాను.

"ఎవరి కోసం లేపారో చెప్పారా వాళ్ళకి?"

"అడిగిండ్రు. చెప్పలే. ఆడపిల్లవు, హాస్టల్ల ఒక్కదానివి ఉంటవు. అందరు నీ మీదికొస్తరు."

అప్పుడైనా కాళ్ళ మీద పడాల్సింది. పడలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు.

"రాసింది చదివిన చెల్లె. అబద్ధం ఏం లేదు. నువ్వు అడిగినవన్నది ఒక్కటే రాయలే."

ఆ మాట తిట్టినట్టు అనలేదు. నేను చదివి వినిపించినప్పుడు తప్పు పట్టుకుని చెప్పేవాడే, అలాగే చెప్పాడు. తర్వాత కౌంటరు కింద నుంచి డ్రైయర్ తీసి, వైరు చుట్టి, నా ముందు పెట్టాడు. "గిది తీస్కపో. నీదే గద."

తీసుకుని వచ్చేశాను.

ఫోన్లు సరఫరా చేసేవాళ్ళు ఆయనకి సరుకు ఆపేశారు. కొన్నాళ్ళకి ఆ కొట్లో టిఫిన్ సెంటర్ పెట్టారు. యాదగిరన్న బావమరిది కుట్టు పని చేస్తాడట, అతని దగ్గర చేరాడని ఎవరో అన్నారు. నేను సోమాజిగూడలో చేరాను, పేరు వచ్చింది, నీలాంటివాళ్ళు చిట్కాలు అడిగేంత పేరు. ఒకసారి పంజాగుట్ట చౌరస్తాలో నా ఆటో సిగ్నల్ దగ్గర ఆగితే, స్కూలు యూనిఫాంల మూట భుజాన వేసుకుని ఆయన రోడ్డు దాటుతున్నాడు. చున్నీ మొహానికి అడ్డం పెట్టుకున్నాను. దుమ్ము అని ఆటో డ్రైవర్‌కి చెప్పాను. అతను అడగలేదు కూడా.

నేను మోసపోయానని నమ్మి మోసం చేశాను. అలా చెబితే కాస్త మర్యాదగా ఉంటుంది, అందుకే ఆ మాటనీ నేను నమ్మను. ఆయన ఫోను ఆ అబ్బాయికే ఇచ్చి ఉన్నా సరే, ఆ ఫోటోలో నా చెయ్యి కత్తిరించే హక్కు నాకెక్కడిది? ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. నాకు ఇప్పటికీ ఆయన మీద లోలోపల కోపం ఉంది. నాలుగు తిట్టి ఉంటే, ఆ గుంపులో నా పేరు చెప్పేసి ఉంటే, లెక్క అక్కడితో తీరిపోయేది. ఎందుకు కాపాడాడు నన్ను? ఎవరు కాపాడమన్నారు?

నా తయారు జవాబులో లేని చిట్కా ఒకటుంది. వస్తువు నీ చేతికి ఎలా వచ్చిందో మొదటి వాక్యంలోనే రాయి. కొన్నావా, అడిగి తెచ్చుకున్నావా, ఎవరైనా ఊరికే ఇచ్చారా, నీ కోసం ఎవరు ఏం చేశారు. తక్కినవన్నీ ఎవరైనా నేర్పుతారు. ఇది చెప్పాలంటే నా కథ చెప్పాలి కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

నువ్వు క్షమిస్తానన్నా పనికిరాదు, అది నీ చేతిలో లేదు. యాదగిరన్నని వెతికి పట్టుకుని చెప్పే ధైర్యం నాకుందో లేదో ఇంకా తెలియదు. ఉందని నీకు రాసేస్తే అది కూడా అబద్ధమవుతుంది. ఇది రాశాక మాత్రం గుండె కొంచెం తేలికపడింది.

ఆ బ్లాగు ఇంకా ఉంది. ఈ పొద్దున తెరిచి, ఆ పాత రాతకి పైన ఒక వాక్యం చేర్చాను. 'ఈ సీలు నేను అడిగితే, నా కోసం, నా డ్రైయర్‌తో లేపారు.' ఫోటో తీసేసి, కత్తిరించనిది పెట్టాను. వెళ్ళి చూడు. ఎడమవైపున్నది యాదగిరన్న బొటనవేలు. కుడివైపు ఎర్ర డ్రైయర్ పట్టుకున్న చెయ్యి నాది.