నీళ్లు పడలేదన్న మాట

మా ఇంట్లో ఒక మాట అనకూడదు. ఎవరికి కడుపు ఉబ్బినా, ఊరు మారి వచ్చి నీరసపడినా మా వైపు అందరి నోటా వచ్చే మాటే అది: నీళ్లు పడలేదు. ఇప్పుడు మిర్యాలగూడలో మా గడప లోపల ఆ మాట అన్నవాళ్లకు నేను చాయ్ కూడా పోయను. ఎందుకంటే ఆ మాట మా ఆయన చేతుల్ని తిన్నవాళ్లను కాపాడింది.

ఆయన మిలిటరీలో బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో ఉండేవాడు. తుపాకీ పట్టింది తక్కువ, బ్యాటరీలు పట్టింది ఎక్కువ. చలి ప్రాంతం, కిటికీ లేని గది. పాత బ్యాటరీలు విప్పి, లోపలి సీసం కరిగించి మళ్లీ పోత పోసేవారట. చలికి తలుపు మూసేవారట. ఆ పొగలోనే పని, ఆ చేతులతోనే రొట్టె. మూతికి కట్టుకోవడానికి ఏమీ ఇవ్వలేదా అని అడిగితే, "దస్తీ ఉండెగా" అనేవాడు, అదేదో సర్కారు ఇచ్చిన దస్తీ అయినట్టు.

ఒకసారి సెలవు మీద త్రిపురారం, మా అత్తగారింటికి వచ్చాడు. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకునేవాడు. గంజి తాగించబోయిన అత్తమ్మ ఆయన నోరు చూసి ఆగిపోయింది.

"నేరేడు పండ్లు తిన్నవారా బిడ్డా? చిగుళ్లు గట్లున్నయేంది?"

"ఈ కాలంల నేరేడు పండ్లేడియే అమ్మా."

నేనూ వంగి చూశాను. పళ్లు కడిగిన బియ్యంలా తెల్లగా ఉన్నాయి. చిగుళ్ల అంచున మాత్రం నీలంగా, నల్లగా ఒక గీత. అత్తమ్మ ఉప్పునీళ్లు పుక్కిలించమంది. "ఆడి నీళ్లు పడలేదురా నీకు" అని తేల్చేసింది. ఆడి నీళ్లు అంది, అంటే నౌకరీ చేసే చోటివి. ఈడివి అనలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఆ మాట ఆయన పెట్టెలో పెట్టుకుపోయినట్టే పట్టుకుపోయాడు. తర్వాత ఏడాదికేడాది మణికట్లు వాలిపోయాయి. చెయ్యి చాపితే తడిసిన ఆకులా వేళ్లు కిందికి వేలాడేవి. అంగీ గుండీ పడేది కాదు. ఇంటికి పంపే ముందు డాక్టర్ల బోర్డు పెట్టారు. పై డాక్టరు ఏమైందని హిందీలో అడిగాడు. తన వర్క్‌షాపు మీద తను చెడ్డ చెప్పే మనిషి కాదు. మన మాటనే హిందీలోకి తిప్పి చెప్పాడు: "పానీ నహీ పడా సాబ్."

రోగం నీళ్ల వల్లనే అనుకుని ఆ సారు ఏ జిల్లా అని అడిగాడు. నల్లగొండ అన్నాడు.

అంతే. నల్లగొండ అంటే ఫ్లోరైడ్ నీళ్లని దేశమంతా తెలుసు కదా. రోగం సొంతూరి నీళ్ల వల్ల వచ్చింది, నౌకరీకి సంబంధం లేదు, వికలాంగ పింఛను రాదు అని రాసేశారు. ఈయన వేళ్ల మధ్య పెన్ను ఇరికించుకుని సంతకం పెట్టి వచ్చాడు.

సూర్యాపేటలో నరాల డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఏం పని చేసేవాడివని అడిగాడు. విన్నాక, చిగుళ్ల మీది ఆ గీత కూడా చూసి, "ఇది సీసం చేసిన పని" అన్నాడు. నా కడుపు ఆ రోజు మండడం మొదలైంది, ఇంకా ఆరలేదు. త్రిపురారం సాగర్ ఎడమ కాలువ కింద ఉంది. పుట్టిన కాడి నుంచి ఆయన తాగింది కాలువ నీళ్లు. ఫ్లోరైడ్ ఊళ్లు పడమటి దిక్కున ఉన్నాయి. అక్కడ పిల్లల పళ్లు పసుపు గారలు కట్టి, కాళ్లు వంకర్లు పోతే పట్టించుకోని సర్కారుకు, మా ఆయనకు పింఛను ఇవ్వాల్సి వచ్చేసరికి ఆ నీళ్లు గుర్తుకొచ్చాయి. మరి మిలిటరీలోకి తీసుకునే రోజు? పళ్లు లెక్కబెట్టారు, ఎముకలు తట్టి చూశారు, పరుగెత్తించారు. అప్పుడు మా నీళ్లు తాగిన ఒళ్లే వాళ్లకు గట్టిగా కనిపించింది.

అప్పీలు వేశాం. రెండో బోర్డుకు గుండీలు పెట్టడానికి నేనూ వెంట పోయాను. డాక్టరుకు తెలుగు రాదు. పక్కన నిలబడిన తెలుగాయన మాటలు అటూ ఇటూ అందిస్తున్నాడు.

"ఈయనే చెప్పుకున్నాడు కదమ్మా, నీళ్ల వల్లని. సంతకం కూడా ఉంది."

"అన్నా, నీకు తెలుగొస్తది గదా. నీళ్లు పడలేదంటే ఏందో సారుకు జర చెప్పు."

ఆయన తల గోక్కున్నాడు. "ఇంగ్లీషులో దాన్ని ఎలా చెప్పేదమ్మా?"

"రానప్పుడు మా మీద ఎట్ల రాసిన్రు?"

పాపం, జాలిపడి మా ఆయనకు గ్లాసు నీళ్లు అందించాడు. మణికట్టు వాలింది, నీళ్లన్నీ పంట్లాం మీద పడ్డాయి. నాకు ఇక ఆగలేదు. డాక్టరు ముందుకు పోయి నోరు తెరిచాను.

"సూడు సార్, నా పండ్లు సూడు. మాది గరిడేపల్లి, గదే కాలువ. మా అత్త ఈ వయసుల చెరుకు గడ పండ్లతోని చీలుస్తది. నీళ్లే అయితే మాకెందుకు రాలే?"

"ఊకోవే, ఇజ్జత్ పోతది" అని మా ఆయన గొణిగాడు.

"ఎవలి ఇజ్జత్?"

డాక్టరు మర్యాదగానే తలూపాడు. నా నోట్లోకి మాత్రం చూడలేదు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది: పాత మాటే ఖాయం.

మొన్న కోదాడలో మా ఆయన మేనమామ ఇంట పెళ్లికి పోయాం. బంతిలో ఆయన్ను కూర్చోబెట్టి నేను ముద్దలు కలిపి పెడుతున్నాను. ఎదురుగా కూర్చున్న బావ వరస మనిషి, సగం ఆంధ్రా మాట, అడగనే అడిగాడు.

"ఏంటి బావా, చేతులట్టా వాలిపోయినై? అక్కడి నీళ్లు పడలేదా?"

నేను ముద్ద ఆపాను. ఇన్నేళ్లూ ఎవరడిగినా ఈయన అవునని తలూపేవాడు. ఈసారి నా మొహం చూశాడు, తర్వాత ఆ బావ మొహం చూశాడు.

"నీళ్లకేమైంది బావా, మంచియే. నాతోని సీసం కరిగించిన్రు. తలుపు మూసి కరిగించిన్రు. చేతులు దేంతోని పోయినయో తెల్వనట్టు ఇప్పుడు నీళ్ల మీద రాసిన్రు."

"మరి ఊరుకున్నావా?"

"ఇంకో అప్పీలు ఏసినం. ఈసారి పానీ అనే మాట నా నోట రాదు. నేను సీసం అంట. మళ్లీ అడిగితే మళ్లీ సీసమే అంట."

బంతిలో అందరికీ వినపడేంత గట్టిగా అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి మంచినీళ్లు అడిగాడు. కోదాడకు వచ్చేదీ ఆ కాలువ నీళ్లే. గ్లాసు నేను పట్టుకున్నాను. మొత్తం తాగాడు.