జయరాజు కమలా సీసా

ఆదోనిలో పత్తి వ్యాపారులకు ఒక క్లబ్బు ఉండేది. ఆ ఊళ్ళో పంతులుగా ఉన్న రోజుల్లో, సాయంత్రం బడి వదిలాక ఇంగ్లీషు పేపరు చదువుకోవడానికి నేను అక్కడికి వెళ్ళేవాణ్ణి. మేం మాధ్వ బ్రాహ్మణులం. ఆ గడప తొక్కడమే మా అమ్మ భీమాబాయికి నచ్చేది కాదు, ఇంక తాగడం మాటెక్కడిది? అయినా ఆ క్లబ్బులో నాకు దొరికిన స్నేహితుడు బారు కౌంటరు వెనక నిలబడే జయరాజు.

మనిషి సన్నగా, నల్లగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవాడు. జిన్నులోకి నిమ్మకాయ పిండితే ఒక్క గింజ పడనిచ్చేవాడు కాదు. చలికాలం రమ్ములో వేడినీళ్ళు, అల్లం రసం, కాస్త బెల్లం కలిపి ఇస్తే, మార్కెట్ యార్డులో గొంతు పోగొట్టుకుని వచ్చిన సేట్లు కూడా మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు. తను మాత్రం చెంచా కొసతో నాలుక మీద వేసుకుని రుచి చూసి, ఉమ్మేసి నోరు పుక్కిలించేవాడు.

డెబ్బై ఎనిమిదిలో బొంబాయి నుంచి పత్తి కొనడానికి వచ్చిన ఒక సేటు ఫ్రెంచి సీసా ఒకటి తెచ్చాడు. తియ్యటి మందు, కమలాపండు వాసన. ఆయన ఒక గ్లాసు తాగి రైలెక్కాక, మిగతాది సభ్యులు ఒక్క రాత్రిలో ఖాళీ చేశారు. మర్నాడు నేను వెళ్ళేసరికి జయరాజు ఖాళీ సీసా మూత తీసి వాసన చూస్తున్నాడు.

"అయ్యోరా, ఇది మనం సేయలేమా?"

"నన్నడిగితే ఏం తెలుస్తుందప్పా?" అన్నాను.

స్టేషన్ ముందర బండి మీద నాగపూరు కమలాలు కొన్నాడు. తొక్కలు బ్రాందీలో నానేసి, జాడీకి గుడ్డ కట్టి ఇంట్లో మూలన పెట్టాడు. ఇరవై రోజుల తర్వాత చూస్తే వట్టి చేదు. రెండోసారీ అంతే. భార్య మరియమ్మ ఆస్పత్రిలో ఆయాగా పనిచేసేది. డ్యూటీ నుంచి వచ్చి జాడీలోకి తొంగిచూసి నవ్విందట.

"తొక్క లోపల తెల్లది గీకినావా? దాంతోనే సేదు. ఊరగాయ పెట్టే ఏ ఆడదాన్ని అడిగినా సెప్తాది."

మూడోసారి ఇద్దరూ కూర్చుని తెల్లదంతా గీకేశారు. తొక్కలు నీడన ఆరబెట్టారు. రెండు లవంగాలు వేశారు. నానాక వడగట్టి కలకండ పాకం కలిపారు. జయరాజు దాన్ని క్లబ్బుకు తెచ్చి కార్యదర్శికి రుచి చూపించాడు. ఆయన దాన్ని ఆ పాత ఫ్రెంచి సీసాలో పోయించి బీరువాలో పెట్టించాడు.

మరుసటి ఏడు సేటు మళ్ళీ వచ్చాడు. కార్యదర్శి ఆ సీసా బయటికి తీసి, "మీరు తెచ్చిందే, మీ కోసం దాచినాం" అన్నాడు. సేటు ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"పోయినసారి కంటే బాగుందే!"

జయరాజు చేతిలో ట్రే ఉంది. నేను పేపరు మీంచి తలెత్తేసరికి దాన్ని కౌంటరు మీద పెట్టాడు.

"సేటూ, సీసా ఒగటే మీది. లోపల ఉండేది నేను సేసినా."

కార్యదర్శి ముఖం కందిపోయింది. సేటు గ్లాసుకేసి, జయరాజుకేసి మార్చి మార్చి చూశాడు. చివరికి గ్లాసు ముందుకు తోశాడు.

"అయితే ఇంకొంచెం పోయ్."

కార్యదర్శి నెల రోజులు జయరాజుతో మాట్లాడలేదు. కానీ ఆ మందు మాత్రం ఏటా చేయించాడు. సోడా, నిమ్మచెక్క, ఐసు వేసి ఇస్తే చాలు, వేసవిలో సభ్యులు దానికోసమే వచ్చేవాళ్ళు. "నీ పేరే పెడతా దీనికి" అని జయరాజు ఇంట్లో అంటే, "సారాయి సీసా మీద నా పేరా? ఇంట్లోకి రావద్దు పో" అందట మరియమ్మ. దాంతో అది ఉత్త 'కమలా' అయింది.

ఎనభై నాలుగు నాటికి మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సభ్యులు పలచబడ్డారు. క్లబ్బుకు తాళం పడింది. బజారులో ఒక మందు షాపువాళ్ళు జయరాజును పనికి పిలిచారు. వారం తిరక్కుండానే మానేశాడు.

"ఆడ ఎవురూ రుసి సూడరు అయ్యోరా. నిలబడి గొంతులో పోసుకొని పోతారు. నేనెందుకు ఆడ?"

ఆ ఏడే మరియమ్మకు ఎమ్మిగనూరు బదిలీ అయింది. జయరాజు వెంట వెళ్ళి, నిమ్మకాయ ఊరగాయ, కమలా షర్బతు చేసి మగ్గాల వీధుల్లో అమ్మసాగాడు. బాగానే నడిచింది.

ఎనభై ఎనిమిదిలో నాకూ అక్కడికే బదిలీ వచ్చింది. క్రిస్మస్ సాయంత్రం పిలిస్తే వెళ్ళాను. నాకు మరియమ్మ కాఫీ ఇచ్చింది. తర్వాత అలమరలోంచి చిన్న సీసా తీసి, రెండు చిన్న గ్లాసుల్లో వేలెడంత పోసింది. ఒకటి జయరాజుకు, ఒకటి తనకు. ఏడాదికి ఆ ఒక్క పూటేనట. గదంతా కమలాతొక్క వాసన. నా కాఫీ రుచే తెలియలేదు.

ఆమె మెల్లగా తాగి పెదవి విరిచింది.

"ఈసారి లవంగం ఎక్కువైంది."

"అవునా?" జయరాజు తన గ్లాసు మళ్ళీ రుచి చూశాడు, ఈసారి మింగి. "అవును. వచ్చే ఏడు ఒగటే ఏస్తాలే."