కాలవ నీళ్ళతో కడిగిన కారు

మా మేస్త్రి బాబాయ్ పోయారు. ఆ కబురు ఒక గురువారం పొద్దున వచ్చింది. తెనాలిలో నేను పనిచేసే ట్రాక్టర్ల సర్వీసు షెడ్డులో, రిపేరుకొచ్చిన బళ్ళ వివరాలు రాసుకుంటూ ఉన్నాను. రేపల్లె నుంచి పిన్ని ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మీ బాబాయ్ లేడమ్మా. తెల్లారి నమాజు చేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. టీ తెచ్చేసరికి అంతే."

రాస్తున్న పుస్తకం మూసేశాను.  పిన్నే మళ్ళీ, "రేపు శుక్రవారం కదే," అంది.

ఇంకెవరైనా వింటే దుఃఖంలో దారి తప్పిన మాట అనుకునేవాళ్ళు. నాకు అర్థమైంది. ఆ ఇంట్లో శుక్రవారం కారు స్టార్ట్ చేసే రోజు.

వాళ్ళు నాకు రక్తసంబంధీకులు కారు. మాది అడవులదీవి, సముద్రం మీద బతికే ఇల్లు. మా ఇంట్లో బడికి వెళ్ళి పైచదువు దాకా వచ్చింది నేనొక్కదాన్నే. రేపల్లెలో పాలిటెక్నిక్‌లో సీటొచ్చినప్పుడు మా నాన్న నన్ను తీసుకొచ్చి మేస్త్రి గారింటి వెనక గదిలో దించాడు. "సాయిబు గారూ, చదువంటే ఏంటో మాకు తెలీదండి. ఇది మెకానికల్ అంటంది. మీరు బళ్ళ పని చేస్తారని ఇక్కడికి తెచ్చా," అన్నాడు. మేస్త్రి గారు నవ్వి, "నాది రేకు పనండి. సొట్టలు తీస్తా. ఇంజను సంగతి మీ అమ్మాయే నాకు చెప్పాల," అన్నారు. మర్యాదకి అన్నారనుకున్నాను. నిజంగానే అన్నారని తర్వాత తెలిసింది.

కారుని మొదటిసారి చూసింది ఆ సాయంత్రమే. ఇంటి ముందు రేకుల షెడ్డులో, పాత దుప్పట్ల కింద, నా నడుము ఎత్తు కూడా లేకుండా నేలకి అతుక్కుని ఉంది. ఇద్దరికే సీట్లు. పైన కప్పు లేదు, మడతపెట్టే గుడ్డ టాపు ఒకటి వెనక చిరిగి వేలాడుతోంది. ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన స్పోర్ట్స్ కారు.

"కూర్చుంటే లేపడానికి ఇద్దరు మనుషులు కావాల. దాన్ని కారంటాడు మీ బాబాయ్," అంది పిన్ని వంటింట్లోంచే.

"నిన్ను ఎక్కమన్నానా?" అన్నారాయన.

"ఎక్కను. చచ్చినా ఎక్కను."

ఆ కారు మీద ఆయన మనసు పడి అప్పటికి నలభై ఏళ్ళు. పాతికేళ్ళ వయసులో ఆయన తెనాలిలో ఒక షెడ్డులో పనిచేసేవారు. బాపట్ల డాక్టరు గారొకరు తలుపు రేకు నొక్కుకుపోయిందని ఆ కారుని తెచ్చారు. రెండు రోజుల్లో పని పూర్తయింది. డాక్టరు గారు సొట్ట ఉన్న చోటు వెతికి, కనిపించక, "ఎక్కవయ్యా" అని పక్కన కూర్చోబెట్టుకుని బాపట్ల దాటి సముద్రం కనిపించే దాకా తీసుకెళ్ళారట. ఆ ప్రయాణం గురించి బాబాయ్ చెప్పేది ఒకే మాట. "మిగతా బళ్ళలో రోడ్డుని చూస్తాం. దాంట్లో రోడ్డు మనల్ని చూసిద్ది."

ఆ తర్వాత ఏటా ఏదో పని పెట్టుకుని బాపట్ల వెళ్ళి కారుని చూసి వచ్చేవారు. డాక్టరు గారు పోయాక అది తెనాలిలో వాళ్ళ బంధువుల రైస్ మిల్లు గోడౌన్‌కి చేరింది. ఎవరో దానికి పెళ్ళిళ్ళ కోసం ఎర్రరంగు కొట్టించారు. ఆ తర్వాత అదీ మానేసి మూల పడేశారు. డాక్టరు గారి అమ్మాయి దాన్ని ఇచ్చేద్దామనుకుంటోందని తెలిసి చాలామంది వెళ్ళారు. వచ్చినవాళ్ళందరినీ ఆవిడ ఒకటే అడిగిందట: "దీనికి ఏ రంగు వేస్తారు?" ఒకరు పసుపు అన్నారు, ఒకరు వెండి రంగు అన్నారు. బాబాయ్ జేబులోంచి చిన్న చాకు తీసి, డాష్‌బోర్డు కింద ఎవరికీ కనపడని చోట కొంచెం గీకి చూపించారు. ఎర్రరంగు కింద ముదిరిన తమలపాకు రంగు. "ఇది మీ నాన్నగారి రంగండి. నేను వేసేదేం లేదు. వెతకడమే," అన్నారు. కారు రేపల్లె వచ్చింది.

దానితో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది, గ్రీసు మరకలతో, అట్ట లేకుండా. రిపేరు పుస్తకం. ఆయనకి తెలుగు కూడా కూడబలుక్కుని చదివేంతే వచ్చు. నాకు ఇంగ్లీషు పరీక్ష పాసయ్యేంత వచ్చు. రోజూ సాయంత్రం నేను స్టూలు మీద కూర్చుని ఒక పేజీ చదివి చెప్పాలి, ఆయన కారు పక్కన నేల మీద కూర్చుని వినాలి. మొదటి వారంలో ఒక వాక్యం నాకు అర్థం కాలేదు. సిగ్గేసి, ఉండబట్టలేక ఏదో అల్లి చెప్పాను. ఆయన స్పానర్ కింద పెట్టేశారు.

"అమ్మాయ్, అది పుస్తకంలో ఉందా, నీ నోట్లోంచి వచ్చిందా?"

తల వంచుకున్నాను.

"తెలీకపోతే తెలీదని చెప్పు. రేపు మీ సార్ని అడిగి చెప్పు. ఎల్లుండి చెప్పు. ఈ కారు పదేళ్ళు ఆగింది, రెండు రోజులు ఆగలేదా? ఊహించి చెప్పావంటే బోల్టు విరిగిద్ది."

నాకు చదువు నేర్పిన మాటల్లో ఇంత గట్టిది ఇంకొకటి లేదు. క్లాసులో "అర్థం కాలేదు సార్" అని చెయ్యెత్తడం నాకు అలవాటైంది ఆ వారం నుంచే.

నేను చదివిన దానికి బదులుగా ఆయన తన పని నేర్పారు. పాత లుంగీ గుడ్డ ముక్క ఒకటి అరచేతి కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుని రేకు మీద నెమ్మదిగా జరపాలి. ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో చెయ్యే చెప్తుంది. "కంటికి రంగు అబద్ధం చెప్పిద్ది. అరచేతికి చెప్పలేదు," అనేవారు. నేను రెండో రోజే బానెట్ మీద ఒక చోట ఆగాను. ఆయన తన చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ పెట్టి చూసి, "ఎట్టా పట్టావు?" అన్నారు. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చుని వలలు బాగుచేసిన చేతులు బాబాయ్, చీకట్లో కూడా ముడి ఎక్కడుందో తెలిసిపోతుంది అన్నాను. వలలు బాగుచేస్తానని పాలిటెక్నిక్‌లో అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన పిన్నిని కేకేశారు. "ఇదిగో, ఈ పిల్ల సగం మేస్త్రిగానే పుట్టింది!"

ఇంతటి మేస్త్రి ఒక తప్పు చేశారు. అది చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్టు కాదు.

మా వైపు ప్రతి ఇంట్లోనూ నీళ్ళు రెండు రకాలు. తాగడానికీ వంటకీ కాలవ నీళ్ళు, మిగతా కడుగుళ్ళన్నిటికీ బోరు నీళ్ళు. ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యి తనంతట తనే ఆ బకెట్ వైపు వెళ్తుంది. కారు తమలపాకు రంగులోకి వచ్చాక బాబాయ్ రోజూ దాన్ని ప్రేమగా బోరు నీళ్ళతో కడిగేవారు. నీళ్ళు అందించింది నేను. కడిగాక దుమ్ము పడకుండా టార్పాలిన్ నేల దాకా లాగి బిగించి కట్టేవాళ్ళం. ఆ వానాకాలం తలుపుల కింద రంగు పొక్కులు లేచింది. పొక్కు మీద గోరు పెడితే రేకు బిస్కెట్‌లా విరిగింది. ఆయన గీకి, కొత్త ముక్క అతికి, రంగు వేశారు. మళ్ళీ లేచింది. తన చేతి పనిలోనే లోపముందని ఆయన అన్నం సరిగా తినడం మానేశారు.

అప్పుడే మా నాన్న ఎండురొయ్యలు తీసుకుని నన్ను చూడ్డానికొచ్చాడు. తలుపు కింద వేలు పెట్టి రాసి, ఆ వేలు నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఏ నీళ్ళండి సాయిబు గారూ?"

"బోరు నీళ్ళే."

"ఉప్పు నీళ్ళండి అవి. సముద్రంలోంచి వచ్చిన బోటు ఇంజనుక్కూడా మేం మంచినీళ్ళు పడతామండి. మీరు ఒడ్డున ఉన్నదాన్ని తీసుకెళ్ళి రోజూ సముద్రంలో ముంచుతున్నారు." టార్పాలిన్ చూసి ఇంకా నవ్వాడు. "పైగా గాలాడకుండా మూత! పడవని దుంగల మీదకెక్కిస్తాం, కింద నుంచి గాలి పోవాల. ఇది ఊపిరాడక చస్తంది."

నేను సిగ్గుతో చచ్చాను. ఉప్పులో పుట్టిన దాన్ని, బకెట్ మోసింది నేనే. మా నాన్న మాట అప్పుడు బాబాయ్‌కి కోపం తెప్పిస్తుందేమోనని భయపడ్డాను. ఆయన లేచి, లోపలికెళ్ళి, మా నాన్నకి టీ తనే పట్టుకొచ్చారు. "తప్పు నాదండి. పని కూడా నాదే," అన్నారు.

మర్నాటి నుంచి మొత్తం మళ్ళీ మొదలు. ఒక చోట పుట్టీ పూసి కప్పేస్తే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. "దాచిన సొట్ట దాక్కోదమ్మా, కాచుకుని ఉంటది," అని కింద రేకంతా కోసేశారు. రెండేళ్ళు పట్టింది. నా డిప్లొమా అయిపోయింది, తెనాలిలో ఉద్యోగం వచ్చింది, అయినా సెలవు రోజున రైలెక్కి వెళ్ళేదాన్ని. కారుని కొయ్య దిమ్మల మీదకెత్తాం. టార్పాలిన్ పోయి పల్చటి నూలు దుప్పటి వచ్చింది. వారానికి ఒక్కసారే, శుక్రవారం, క్యాన్లతో తెచ్చిన కాలవ నీళ్ళతో కడగడం, పావుగంట ఇంజను నడపడం, ఆ తర్వాత స్నానం చేసి మసీదుకి వెళ్ళడం. వేసవిలో కాలవలు కట్టేస్తే కడగడం ఉండదు, పొడిగుడ్డతో తుడవడమే. "దీనికిప్పుడు రంజాన్ రోజా, నీళ్ళు ముట్టదు," అనేవారు నవ్వుతూ.

కారు బాగయిన సంగతి తెలిసి హైదరాబాదు నుంచి ఒక హోటలాయన వచ్చాడు. హోటల్ ముందు హాల్లో అద్దాల గదిలో పెడతానన్నాడు. ఇంజను బరువు కాబట్టి తీసేస్తామన్నాడు. బాబాయ్ ఆయనకి మర్యాదగా కుర్చీ వేశారు. "ఊపిరి తీసేసి, అలంకారం చేసి, నలుగురికీ చూపించడాన్ని మా వీధిలో వేరే పేరుతో పిలుస్తారండి," అన్నారు.

బాబాయ్‌ని మోసుకుని మగవాళ్ళు ఖబరస్తాన్‌కి వెళ్ళినప్పుడు మేం ఆడవాళ్ళం ఇంట్లోనే ఉన్నాం. షెడ్డులో శుక్రవారం కోసం ఆయన నింపి పెట్టుకున్న రెండు క్యాన్లు కనిపించాయి. వాటిని ముట్టుకోలేకపోయాను. ఆ వారం, తర్వాతి అయిదు వారాలు కారు స్టార్ట్ కాలేదు.

నలభయ్యో రోజు దాటిన శుక్రవారం నేను వెళ్ళేసరికి హోటలాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. పిన్ని ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ళ కంటపడకూడదు, అందుకని గుమ్మం తెర వెనక నుంచే మాట్లాడుతోంది.

"మీరేం చేసుకుంటారమ్మా దీన్ని? తుప్పు పట్టిపోతుంది. ఆయన లేరు, నడిపేవాళ్ళు లేరు," అంటున్నాడాయన.

"అమ్మాయ్ వచ్చింది కదా. అమ్మాయ్, స్టార్ట్ చెయ్యవే," అంది పిన్ని.

దుప్పటి తీశాను. చోక్ లాగి తాళం తిప్పాను. ఇంజను రెండుసార్లు తిరిగి ఆగిపోయింది. ఇంకోసారి. అంతే. హోటలాయన వాచీ చూసుకున్నాడు. అది గుచ్చుకుంది. తెర కదలడం లేదు. ఇప్పుడు ఇది స్టార్ట్ కాకపోతే పిన్ని దగ్గర చెప్పుకోవడానికి మాట మిగలదని నాకు తెలుసు. చెయ్యి మళ్ళీ తాళం మీదకి వెళ్ళింది. ఊహించకు అనుకున్నాను. దిగి, బానెట్ ఎత్తి, పుస్తకంలో ఉన్న వరసలోనే చూసుకుంటూ వచ్చాను. బ్యాటరీ వైర్లు గట్టిగానే ఉన్నాయి. ప్లగ్గులో నిప్పురవ్వ ఉంది. పెట్రోలు పైపు విప్పితే పొడి. నెలన్నరలో కార్బొరేటర్‌లో పెట్రోలు ఆరిపోయింది. పైపు బిగించి, పంపు కింద ఉన్న చిన్న మీటని వేలితో కొట్టడం మొదలుపెట్టాను. ముప్పై దాకా కొడితే వేలికి బరువు తగిలింది, పెట్రోలు వచ్చింది. తాళం తిప్పాను. ఒక దగ్గు, నీలం పొగ, తర్వాత షెడ్డు రేకులు కదిలిపోయేలా ఇంజను అందుకుంది.

తెర వెనక నుంచి పిన్ని గొంతు ఆ చప్పుడు మీదుగా వచ్చింది. "ప్రతి శుక్రవారం రాగలవా?"

"వస్తాను పిన్నీ. వారం సెలవు శుక్రవారానికి మార్చుకున్నాను."

"వానల్లో?"

"వస్తాను."

"పెళ్ళయ్యాక?"

"వచ్చేవాడు కూడా నీళ్ళు మోస్తాడు."

తెర వెనక నవ్వు వినపడింది, ఆయన పోయాక మొదటిసారి. "విన్నారు కదండి, టీ తాగి వెళ్ళండి," అంది హోటలాయనతో.

ఆయన వెళ్ళాక గేటు వేసి, బాబాయ్ నింపి పెట్టిన ఆ రెండు కాలవ నీళ్ళ క్యాన్లు తెచ్చి, కారు కడిగాను. ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది. పిన్ని తెర తీసుకుని షెడ్డులోకి వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ తలుపు తీసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా ఆ లోతు సీట్లోకి దిగింది. డాష్‌బోర్డు అరలో బాబాయ్ లుంగీ గుడ్డ ముక్క మడతపెట్టి ఉంది. దాన్ని తీసి అరచేతి కింద పెట్టుకుంది.

పిన్ని అలా కూర్చుని పావుగంట అయింది. చెయ్యి చాచి, "లేపనా పిన్నీ?" అన్నాను.

"ఆగవే," అంది. కళ్ళు మూసుకుని తలుపు రేకు మీద చెయ్యి జరుపుతోంది. బాపట్ల డాక్టరు గారికి వెతికినా కనపడని సొట్ట ఒకప్పుడు అక్కడే ఉండేది.